నల్లరాయి, తెల్లరాయి: కూలిన కట్టడాలతో జర్మనీ తగువు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి ముందు నిలబడి తలెత్తితే మొదట కళ్లకు తగిలేవి గోడ మీది మచ్చలే. లేత గోధుమరంగు రాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నల్లరాళ్లు. పొగచూరిందేమో, మరమ్మతు సగంలో ఆపేశారేమో అనిపిస్తుంది. ఆ నల్లరాళ్లు 18వ శతాబ్దంలో చెక్కినవి. లేతరంగువి 1990ల నుంచి కొత్తగా చెక్కి పేర్చినవి. ఎల్బె నది ఎగువ కొండల్లో దొరికే ఆ ఇసుకరాయిలో ఇనుము పాలు ఉంటుంది. గాలికీ వానకీ ఏళ్ల తరబడి తడిసి, ఆరి నల్లబడుతుంది.

జర్మనీలో మనవాళ్లు టికెట్ కొని చూసే కోటలు, చర్చిలలో చాలావాటికి ఇలాంటి కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధపు బాంబులకు కూలినవాటిలో వేటిని తిరిగి కట్టాలి, వేటిని మొండిగోడలుగానే ఉంచాలి, వేటిని చదును చేయాలి అన్న తగువు అక్కడ ఎనభై ఏళ్లుగా తెగలేదు. 2024లో బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లో గారిసన్ చర్చి గోపురాన్ని మళ్లీ తెరిచినప్పుడు కూడా అదే గొడవ లేచింది. అది అర్థం కావాలంటే డ్రెస్డెన్ నుంచి మొదలుపెట్టాలి.

ఫ్రావెన్‌కిర్షెను 1726 నుంచి 1743 వరకు కట్టారు. రూపకర్త గెయోర్గ్ బేర్ అది పూర్తికాకముందే 1738లో చనిపోయాడు. పైకప్పు మొత్తం రాతి గుమ్మటం, బరువు దాదాపు 12,000 టన్నులు. ఆకారాన్ని బట్టి జనం దాన్ని ‘రాతి గంట’ అన్నారు. అంత బరువును మోసింది లోపలున్న ఎనిమిది స్తంభాలు. 1736లో సంగీతకర్త బాఖ్ ఇక్కడి ఆర్గన్ వాయించాడు. 1760లో పొరుగు రాజ్యమైన ప్రష్యా సేనలు నగరం మీద ఫిరంగులు పేల్చినా గుమ్మటం చెక్కుచెదరలేదు.

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, ఆ మర్నాడు అమెరికన్ విమానాలు నగరాన్ని కాల్చేశాయి. మంటలు లోపలికి చొరబడి చెక్క గ్యాలరీలన్నీ అంటుకున్నా చర్చి ఆ రాత్రికి నిలబడింది. మర్నాడు కూడా నిలబడే ఉంది. స్తంభాలు మాత్రం లోపల కణకణలాడుతూనే ఉన్నాయి. 15వ తేదీ పొద్దున పది గంటల వేళ అవి బరువుకు ఆగలేక విరిగిపోయాయి, గుమ్మటం కుప్పకూలింది. ఆ దాడుల్లో చనిపోయినవారి లెక్కను నాజీ ప్రచారశాఖ రెండు లక్షలకు పెంచి చెప్పింది. దశాబ్దాల పాటు ఆ అంకె చేతులు మారుతూనే ఉంది. నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో తేల్చిన లెక్క గరిష్ఠంగా 25,000. ఆ సంఖ్య తక్కువేమీ కాదు. కానీ చచ్చినవాళ్లను పెంచి చూపి నాజీల నేరాలను చిన్నవి చేయాలనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఏటా ఫిబ్రవరి 13న నగరవాసులు చేయిచేయి పట్టుకుని మానవహారంగా నిలబడతారు.

యుద్ధం తర్వాత డ్రెస్డెన్ తూర్పు జర్మనీ పాలనలోకి వెళ్లింది. చర్చి దాదాపు నలభై ఎనిమిదేళ్లు నగరం నడిబొడ్డున రాళ్లగుట్టగానే మిగిలింది. రెండు మొండిగోడలు, మధ్యలో గుట్ట, దాని ముందు మార్టిన్ లూథర్ విగ్రహం. 1966లో ప్రభుత్వం దాన్ని యుద్ధానికి వ్యతిరేక స్మారకంగా ప్రకటించింది. 1982 ఫిబ్రవరి 13న మాత్రం అక్కడికి కొవ్వొత్తులు పట్టుకొచ్చింది యువతీయువకులు. సర్కారు పిలవకపోయినా వచ్చారు. 1989 డిసెంబరు 19న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ రెండు జర్మనీల ఏకీకరణ ఆశను జనం ముందు పలికింది కూడా ఆ శిథిలాల ఎదుటే.

రెండు నెలలకు, 1990 ఫిబ్రవరిలో, ట్రంపెట్ విద్వాంసుడు లుడ్విగ్ గ్యుట్లర్, మరికొందరు పౌరులు ‘డ్రెస్డెన్ నుంచి పిలుపు’ పేరుతో చర్చిని తిరిగి కట్టడానికి ప్రపంచాన్ని సాయం అడిగారు. అందరూ ఒప్పుకోలేదు. డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రపు లూథరన్ చర్చి పెద్దలే వెనుకాడారు. ఉన్న చర్చిలకే జనం రావడం లేదు, డబ్బు అక్కడ పోయడమెందుకన్నారు కొందరు. శిథిలం చెప్పే మాట కొత్త గుమ్మటం చెప్పలేదన్నారు ఇంకొందరు. ఈ రెండో మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఇంగ్లండ్‌లో కొవెంట్రీ వాళ్లు 1940లో జర్మన్ బాంబులకు కూలిన తమ కథీడ్రల్ గోడలను అలాగే ఉంచి పక్కన కొత్తది కట్టుకున్నారు. బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ చర్చి విరిగిన గోపురాన్ని కూల్చేయాలని వాస్తుశిల్పి ఎగోన్ ఐయర్‌మాన్ అనుకుంటే జనం అడ్డుపడి నిలబెట్టుకున్నారు. దాని పక్కనే 1961లో నీలిగాజు గోడల కొత్త చర్చి వచ్చింది. విరిగినది విరిగినట్టే ఉండి చెప్పే నిజం ఒకటి ఉంటుంది.

కానీ డ్రెస్డెన్‌లో పని జరిగిన తీరు చూశాక నా మనసు మారింది. 1993 జనవరిలో గుట్టను విప్పడం మొదలుపెట్టారు. యంత్రంతో ఎత్తి లారీలో పోయలేదు. పైనుంచి ఒక్కొక్క రాయే తీసి, అది ఎక్కడ ఎలా పడి ఉందో కొలిచి, ఫొటో తీసి, నంబరు వేసి చౌకులోనే వరసలు వరసలుగా అల్మారాల్లో పేర్చారు. గుమ్మటం రాళ్లు ఎటు దొర్లాయో తెలిస్తే అవి ఏ ఎత్తులో, ఏ వైపున ఉండేవో ఊహించవచ్చు. గోడల ముఖానికి చెందిన ఎనిమిది వేల పైచిలుకు రాళ్లు దొరికితే, కంప్యూటర్ల సాయంతో వాటిలో మూడున్నర వేలకు పైగా రాళ్లకు గోడల్లో మళ్లీ చోటు దొరికింది. గుట్టలోనే గుమ్మటం మీది పాత శిలువ కూడా బయటపడింది, మెలితిరిగి. ఇప్పుడది చర్చి లోపల ఉంది.

తలుపుల దగ్గర చిక్కు వచ్చింది. పాత ఓకు తలుపుల మీది చెక్కడాలు ఎలా ఉండేవో వివరంగా చెప్పే నమూనా దొరకలేదు. నిపుణులు జనాన్ని అడిగారు: మీ ఇళ్లలో పాత ఫొటోలేమైనా ఉన్నాయా? పెళ్లి ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లే వచ్చాయి. కొత్త జంటలు చర్చి గుమ్మం ముందు నిలబడి ఫొటో దిగడం ఆ ఊరి ఆనవాయితీ. ఫొటోల్లో వాళ్ల వెనక కనిపించిన చెక్కపని ఆధారంగానే ఇప్పటి తలుపులు తయారయ్యాయి. ఈ ఒక్క వివరం కోసమైనా ఆ గుమ్మం దగ్గర కాసేపు ఆగాలి.

మొత్తం ఖర్చు దాదాపు 18 కోట్ల యూరోలు, అందులో సగానికి పైగా విరాళాలే. 1999 నోబెల్ గ్రహీత గ్యుంటర్ బ్లోబెల్ చిన్నప్పుడు ఈ నగరాన్ని చూసినవాడు. బహుమతి సొమ్ము దాదాపు అంతా డ్రెస్డెన్‌కే ఇచ్చాడు, చర్చికీ యూదుల ప్రార్థనామందిరానికీ. గుమ్మటం పైకి కొత్త బంగారు శిలువను బ్రిటన్ ప్రజల చందాలతో లండన్‌లో చేయించారు. చేసిన పనివాడు అలన్ స్మిత్. అతని తండ్రి 1945లో డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకదాని పైలట్. 2005 అక్టోబరు 30న చర్చి తెరుచుకుంది.

అక్కడి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఇదే ప్రశ్నకు మరో జవాబు ఉంది. 1840లో కట్టిన యూదుల ప్రార్థనామందిరాన్ని 1938 నవంబరు 9 రాత్రి నాజీలు తగలబెట్టారు. 2001లో అక్కడ కొత్తది కట్టినప్పుడు పాతదాని నకలు తీయలేదు. కిటికీల్లేని రాతి గోడలు పైకి వెళ్లేకొద్దీ తూర్పుకు మెలితిరుగుతాయి. దాన్ని కూల్చింది ఆకాశం నుంచి పడ్డ బాంబు కాదు, ఇరుగుపొరుగు. ఆ తెగిపోయినతనాన్ని అలంకారాలతో కప్పకపోవడమే సబబని నాకనిపిస్తుంది.

బెర్లిన్ రాజభవనం దగ్గర నాకు అంత తృప్తి లేదు. యుద్ధంలో కాలిన ఆ భవనాన్ని 1950లో తూర్పు జర్మనీ పాలకులు పేల్చేశారు. 1976లో అక్కడే ‘రిపబ్లిక్ ప్యాలెస్’ కట్టారు. పార్లమెంటుతో పాటు హోటళ్లు, బౌలింగ్ ఆటస్థలం కూడా అందులోనే. తూర్పు బెర్లిన్‌లో పెరిగిన వారెందరికో అక్కడ జ్ఞాపకాలున్నాయి. ఆస్‌బెస్టాస్ ఉందని 1990లో మూసి, 2006 నుంచి 2008 వరకు కూల్చారు. దాని స్థానంలో మూడు వైపులా పాత రాజభవనం ముఖం, లోపల కొత్త కాంక్రీటుతో హంబోల్ట్ ఫోరం వచ్చింది. 2021లో జనానికి తెరిచారు. యేసు నామానికి ప్రతి మోకాలూ వంగాలనే నాటి ప్రష్యా రాజుగారి వాక్యాన్ని గుమ్మటం చుట్టూ మళ్లీ రాశారు. దాని కింద ఆఫ్రికా, ఆసియాల నుంచి తెచ్చిన వస్తువుల ప్రదర్శన. వాటిలో ఇప్పటి నైజీరియాలో ఉండిన బెనిన్ రాజ్యం నుంచి దోచుకొచ్చిన శిల్పాలూ ఉన్నాయి. జర్మనీ 2022లో వాటి యాజమాన్యాన్ని నైజీరియాకు ఒప్పగించాల్సి వచ్చింది. ఒక జ్ఞాపకాన్ని తుడిచి ఇంకో జ్ఞాపకాన్ని నిలబెట్టారన్న బాధ తూర్పువారిలో ఇంకా ఉంది, అది న్యాయమైనదే.

పోట్స్‌డామ్ చిక్కు ఇంకా లోతైనది. 1933 మార్చి 21న హిట్లర్ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌కు తలవంచి కరచాలనం చేసింది ఆ గారిసన్ చర్చి దగ్గరే. దాన్ని 1945లో బాంబులు కాల్చాయి, 1968లో తూర్పు జర్మనీ పేల్చేసింది. అలాంటి గోపురాన్ని మళ్లీ ఎందుకు ఎత్తాలి అని అడిగేవారికి ‘అందమైన కట్టడం’ అన్న జవాబు చాలదు.

డ్రెస్డెన్ వెళ్లే తెలుగువారికి ఒక చిన్నమాట. ఆ ఊరి రాజభవనంలోని గ్రీన్ వాల్ట్ మ్యూజియంలో 41 క్యారట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. 2019 నవంబరులో దొంగలు అక్కడి నగలు ఎత్తుకెళ్లిన రోజున అది న్యూయార్క్‌లో ప్రదర్శనకు వెళ్లి ఉండటంతో దక్కింది. దాన్ని చూసి వస్తూ చర్చికి వాయవ్య మూలన ఒకసారి ఆగండి. కూలకుండా మిగిలిన నల్లగోడ అక్కడ పెద్ద ముక్కగా ఉంది, కొత్త రాయి దాన్ని ఎక్కడ అందుకుందో కంటికి తెలుస్తుంది. కొత్త రాళ్లు ఇప్పటికే కొంచెం కొంచెంగా నల్లబడుతున్నాయి.