లా కాలేజీ పేరు చూసి జాబ్ ఇస్తారా? తెలుగు రాష్ట్రాల్లో అపోహలు - వాస్తవాలు

లాసెట్ (లా సీట్ల కోసం రాష్ట్ర ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ మొదలైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల పిల్లలు, పాత క్లయింట్ల పిల్లలు, ఎవరో నంబర్ ఇస్తే చేసేవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న, "సార్, ఈ కాలేజీలో చేరితే రేపు జాబ్ వస్తుందా?" నేను హైదరాబాద్‌లో సివిల్ సైడ్ ప్రాక్టీస్ మొదలుపెట్టి 17 ఏళ్ళు అయింది, ఇప్పటిదాకా 11 మంది జూనియర్లు నా ఆఫీసులో పనిచేశారు, వాళ్ళలో నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు ఉన్నారు, ఈవెనింగ్ క్లాసులకి వెళ్ళి చదివినవాళ్ళు ఉన్నారు, జిల్లా కాలేజీల వాళ్ళు ఎక్కువమంది. అందుకే తెలంగాణ, ఆంధ్రా వరకు నేను చూసింది చెప్తా. ఢిల్లీ, ముంబై లెక్కలు వేరు, వాటి జోలికి పోను.

అపోహ: క్లాట్‌లో (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) సీటు రాకపోతే లా చదవడం వేస్ట్.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం చేస్తోంది. హైదరాబాద్‌లోని నేషనల్ లా యూనివర్సిటీ నల్సార్ 1998లో మొదలైంది, విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ 2008లో వచ్చింది. ఇలాంటి చోట క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ఉంటుంది, పెద్ద లా ఫర్మ్స్ నేరుగా వచ్చి ఇంటర్న్‌షిప్ ఇచ్చి, అది బాగా చేస్తే అక్కడే ఆఫర్ ఇస్తాయి. ఆ ఫర్మ్స్ మామూలు కాలేజీ గేటు దాకా రావు, కాబట్టి ఆ ఒక్క దారిలో మాత్రం కాలేజీ పేరే అంతా, దాన్ని దాచిపెట్టి పిల్లలకి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ ఆఫర్లలో ఎక్కువ భాగం ముంబై, ఢిల్లీ, బెంగళూరు ఆఫీసులకి. మన దగ్గర లా చదివినవాళ్ళకి పని ఇచ్చేది ఎవరో ఒకసారి లెక్క వేయండి: హైకోర్టులో, సిటీ సివిల్ కోర్టులో, నాంపల్లిలో, ఎల్‌బీ నగర్‌లో, జిల్లా కోర్టుల్లో ఉండే సీనియర్ల ఆఫీసులు, గవర్నమెంట్ ప్లీడర్ ఆఫీసులు, బ్యాంకులకి లీగల్ ఒపీనియన్ రాసే ప్యానెల్ లాయర్లు, రియల్ ఎస్టేట్ కంపెనీలు, గచ్చిబౌలి వైపు కంపెనీల్లో ఉండే లీగల్ టీమ్స్. వీటిలో కాలేజీ పేరు గట్టిగా చూసేది చివరివాళ్ళు ఒక్కరే. అది కూడా మొదటి ఉద్యోగానికే, ఎందుకంటే వందల్లో రెజ్యూమెలు వస్తే హెచ్‌ఆర్ వాళ్ళకి తెలిసిన ఫిల్టర్ అదొక్కటే. మూడు నాలుగేళ్ళు కాంట్రాక్టులు చూసిన అనుభవం ఉంటే వాళ్ళూ "ఏం డ్రాఫ్ట్ చేశారు" అనే అడుగుతారు.

అపోహ: జస్టిస్ ఎన్.వి. రమణ గారు నాగార్జున యూనివర్సిటీలో చదివి చీఫ్ జస్టిస్ ఆఫ్ ఇండియా అయ్యారు, కాలేజీదేముంది?

వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది, చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు కానీ లెక్క తప్పు. ఆయన 1983లో ఎన్‌రోల్ అయ్యారు (అంటే లాయర్‌గా పేరు నమోదు చేసుకున్నారు), అప్పటికి దేశంలో నేషనల్ లా యూనివర్సిటీ ఒక్కటి కూడా లేదు. జస్టిస్ చలమేశ్వర్ గారు ఆంధ్రా యూనివర్సిటీ, జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు ఉస్మానియా. ఇక్కడివాళ్ళు ఇక్కడి యూనివర్సిటీల్లో చదివారు, ఆ రోజుల్లో అవే పెద్ద పేర్లు. ఇవాళ పరిస్థితి అది కాదు. ఇవాళ మామూలు కాలేజీలో చేరిన పిల్లాడికి ఐదేళ్ళలో ఒక్క మంచి డ్రాఫ్టింగ్ క్లాస్ కూడా జరగకపోవచ్చు, మూట్ కోర్ట్ (ఊహా కేసు వాదించే ప్రాక్టీస్) అనేది సిలబస్‌లో ఉన్నా రికార్డ్ బుక్ రాసి ముగించేయొచ్చు. ఆ లోటు పేరుది కాదు, చదువుది. అది పూడ్చుకోవాలంటే మూడో సంవత్సరం నుంచే ఒక ఆఫీస్ పట్టుకుని కూర్చోవాలి. "రమణ గారు అయ్యారు కదా" అనుకుంటూ ఫైనల్ ఇయర్ దాకా గడిపేసినవాళ్ళని చాలామందిని చూశా, ఎన్‌రోల్ అయ్యాక వకాలత్ (క్లయింట్ లాయర్‌కి ఇచ్చే అధికార పత్రం) నింపడం దగ్గరే ఆగిపోతారు.

అపోహ: నేషనల్ లా యూనివర్సిటీ అంటే ఏ సీనియర్ అయినా కళ్ళు మూసుకుని తీసుకుంటారు.

వాస్తవం: చాలామంది సీనియర్లు తీసుకోవడానికి వెనకాడతారు. కారణం సింపుల్, ఉండరని భయం. సివిల్ ట్రయల్ పని నేర్పడానికి ఏడాదిన్నర పడుతుంది, కోర్టు లోపాలు చూపి తిప్పి పంపిన ఐఏని (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) మళ్ళీ ఎలా వేయాలి, కోర్టు ఆఫీసు చెప్పిన అభ్యంతరానికి ఏం రాయాలి, చీఫ్ అఫిడవిట్‌లో (సాక్షి రాతలో ఇచ్చే వాంగ్మూలం) డాక్యుమెంట్లు ఏ వరసలో మార్క్ చేయించాలి, ఇవన్నీ నేర్పాక ఆ జూనియర్ ఢిల్లీ వెళ్ళిపోతే సీనియర్ మళ్ళీ మొదటికి వస్తాడు. నా దగ్గర ఒకబ్బాయి అలాగే వచ్చాడు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) మీద అతను రాసిన రీసెర్చ్ నోట్ లాంటిది నా ఆఫీసులో అంతకుముందు ఎవరూ రాయలేదు, ఆ కేసులో నేను చేసిన ఆర్గ్యుమెంట్ సగం అతనిదే. కానీ తెలుగు చదవడం రాదు. పాత సేల్ డీడ్ ఇస్తే పక్కన ఇంకో జూనియర్ కూర్చుని చదివి చెప్పాలి. 14 నెలలు ఉండి వెళ్ళాడు, నాకేం కోపం లేదు, అతని దారి అది. ఆ పక్కన కూర్చుని చదివి చెప్పినమ్మాయి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది, మొదటి ఎనిమిది నెలలు ఇంగ్లిష్‌లో ఒక్క కౌంటర్ (అవతలి పిటిషన్‌కి ఇచ్చే జవాబు) కూడా నేను మొత్తం తిరగరాయకుండా ఫైల్ చేయలేదు. ఇవాళ టైటిల్ ఒపీనియన్లు (ఆస్తి హక్కు సరిగ్గా ఉందో లేదో చెప్పే అభిప్రాయాలు) తను ఒక్కతే చూస్తుంది, నేను చివరి పేజీ మాత్రం చదివి సంతకం పెడతా.

అపోహ: తెలుగు మీడియం, పల్లెటూరి కాలేజీ అంటే ముందే ఓడిపోయినట్టు.

వాస్తవం: దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన మార్కెట్‌లో అసలు విలువ ఉన్న పని ఇదే, దీన్ని ఎవరూ పిల్లలకి చెప్పరు. మన దగ్గర సివిల్ కేసుల్లో పెద్ద భాగం భూమి చుట్టూనే తిరుగుతాయి. భూమి కాగితాలు తెలుగులో ఉంటాయి. పహాణీ, అడంగల్ (పొలం రికార్డులు), లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా), పార్టిషన్ డీడ్, గ్రామంలో రాసుకున్న కాగితం, వీటిలో "పడమర హద్దు" దగ్గర రాసిన పేరు వచ్చే డాక్యుమెంట్‌లో మారితే ఎక్కడ మారింది, ఎందుకు మారింది అని పట్టుకునేవాడే టైటిల్ చూడగలడు. జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు, అతను వాడిన మాటకి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలా తిప్పాలో తెలియాలంటే ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష అయ్యుండాలి. తెలంగాణలో పాత రికార్డులు ఉర్దూలో కూడా దొరుకుతాయి, ఉర్దూ చదవగలిగిన జూనియర్ అంటే చాలా ఆఫీసుల్లో బంగారం.

నేను జూనియర్‌ని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ చూడకముందే ఒక పని ఇస్తా. తెలుగులో ఉన్న ఒక అగ్రిమెంట్ ఆఫ్ సేల్ ఇచ్చి, అరగంట టైమ్ ఇచ్చి, ఏ దావా వేయాలి, ఎప్పటిలోపు వేయాలి అని అడుగుతా. రిజిస్ట్రేషన్‌కి తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళు, తేదీ లేకపోతే అవతలివాళ్ళు చేయనని చెప్పినట్టు మనకి తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు, దావాలకి గడువు చెప్పే లిమిటేషన్ యాక్ట్ ఆర్టికల్ 54. నంబర్ గుర్తు లేకపోయినా పర్లేదు, అగ్రిమెంట్‌లో తేదీ ఉందా లేదా అని వెతికినవాళ్ళని తీసుకుంటా. పెద్ద కాలేజీ వాళ్ళు కొందరు కేస్ లా చెప్పడం మొదలుపెడతారు కానీ కాగితం మొత్తం చదవరు, చిన్న కాలేజీ వాళ్ళు కొందరు కాగితం మొత్తం చదువుతారు కానీ ఆర్టికల్ అనేది ఒకటి ఉందనే తెలియదు. రెండూ చేసినవాళ్ళు 11 మందిలో ముగ్గురే.

ఇంకో అవకాశం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చాయి. ముప్పై ఏళ్ళు సెక్షన్ 438 అని చెప్పిన సీనియర్ ఇప్పుడు యాంటిసిపేటరీ (ముందస్తు) బెయిల్‌కి 482 అనాలి, పాత 482 క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని వేసేది) ఇప్పుడు 528 అయింది, రెండూ నోట్లో కలిసిపోతాయి. కొత్త నంబర్లు నీళ్ళు తాగినట్టు చెప్పే జూనియర్ ఏ కాలేజీ నుంచి వచ్చినా క్రిమినల్ సైడ్ ఆఫీసుల్లో ఇప్పుడు వెంటనే పనికొస్తాడు.

అపోహ: జడ్జి పోస్టులకి, గవర్నమెంట్ పోస్టులకి కూడా కాలేజీ పేరు చూస్తారు.

వాస్తవం: చూడరు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష అందరికీ ఒకటే, పైగా మెయిన్స్‌లో ట్రాన్స్‌లేషన్ ఉంటుంది, అక్కడ మళ్ళీ తెలుగే కాపాడుతుంది. బ్యాంకుల లా ఆఫీసర్ పోస్టుకి ఎల్‌ఎల్‌బీ, ఎన్‌రోల్‌మెంట్, పరీక్ష, అంతే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, 2025 మే 20న సుప్రీంకోర్టు జడ్జి పరీక్షకి మూడేళ్ళ ప్రాక్టీస్ రూల్ మళ్ళీ తెచ్చింది. అంటే చదువు అవగానే కోచింగ్‌లో కూర్చుంటా అనే ప్లాన్ ఇక పనిచేయదు, ముందు ఎవరో ఒకరి ఆఫీసులో నిజంగా పనిచేయాలి. ఆ మూడేళ్ళు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచే లెక్క కాబట్టి రిజల్ట్ వచ్చాక ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యం చేయొద్దు, కొంతమంది ఊరికే ఏడాది పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఎలాగూ పేరు లేని కాలేజీయే కదా, ఏదైతేనేం, క్లాసులకి వెళ్ళకపోయినా సర్టిఫికెట్ ఇస్తారు.

వాస్తవం: ఇది మాత్రం ప్రమాదం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అప్రూవల్ ఆ ఏడాదికి ఉందా లేదా అని చేరకముందే చూసుకోండి, బోర్డు మీద రాసుంటే నమ్మొద్దు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో ఎన్‌రోల్‌మెంట్ రాదు. 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. నాకు తెలిసిన ఒకతను ఉద్యోగం చేస్తూ వేరే ఊరి కాలేజీలో రెగ్యులర్ అని చూపించి చదివాడు, ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఉద్యోగం, కాలేజీ రెండు సర్టిఫికెట్ల తేదీలు ఒకటే అని పట్టుకున్నారు, రెండేళ్ళు తిరిగాడు. ఆ రెండేళ్ళలో అతని బ్యాచ్ వాళ్ళు సొంతంగా కేసులు ఫైల్ చేసుకుంటున్నారు.

అపోహ: పెద్ద చోట ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేస్తే ఎల్‌ఎల్‌బీ కాలేజీ పేరు చెరిగిపోతుంది.

వాస్తవం: టీచింగ్‌కి వెళ్తే ఉపయోగం, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు క్లాట్ పీజీ స్కోర్ చూసి తీసుకుంటాయి కాబట్టి ఆ పరీక్ష రాయడం మంచిదే. కోర్టు ప్రాక్టీస్‌కి మాత్రం ఆ ఏడాది కోర్టులో ఉంటేనే ఎక్కువ నేర్చుకుంటారు.

అపోహ: పేరున్న కాలేజీ అయితే సీనియర్ దగ్గర స్టైపెండ్ ఎక్కువ ఇస్తారు.

వాస్తవం: స్టైపెండ్ సీనియర్ మనసు మీద, ఆఫీస్ ఆదాయం మీద ఉంటుంది, కాలేజీ మీద కాదు. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకి 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది, కానీ అది సలహానే, కచ్చితం కాదు. మా తరంలో అడగడమే తప్పు అనుకునేవాళ్ళం, నేను మొదటి ఏడాది బస్ పాస్ డబ్బులు ఇంట్లో అడిగా, అది మళ్ళీ ఏ పిల్లకీ పిల్లాడికీ జరగకూడదని నా కోరిక. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మర్యాదగానే అడగండి, "సార్, నెలకి ఎంత ఇస్తారు, నాకు సొంతంగా వకాలత్ వేసుకోవడానికి ఎప్పటినుంచి ఒప్పుకుంటారు" అని. రెండో ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పే ఆఫీస్ దొరికితే, స్టైపెండ్ రెండు మూడు వేలు తక్కువైనా అక్కడే చేరమని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తున్నా.