వేసవిలో టైరు గాలి తగ్గించాలా?

"ఎండలు ముదిరాయి. లోపలి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని పంక్చర్ షాపు అతను నాలుగు పాయింట్లు తగ్గించి పెట్టాడు. మంచిదేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. మంచిది కాదు. వెంటనే మళ్లీ గాలి కొట్టించుకోండి.

ఆ తర్కంలో సగం నిజం ఉంది. వేడికి పీడనం పెరుగుతుంది. ఎంత? ఉదయం 30 డిగ్రీల దగ్గర గేజి 33 పాయింట్లు (పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిందనుకుందాం. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్న భాగమే కాబట్టి 14.7 కలపాలి. మొత్తం 47.7. ఉష్ణోగ్రత కెల్విన్‌లలో (డిగ్రీలకు 273 కలిపితే) 303. హైవే మీద లోపలి గాలి 60 డిగ్రీలకు, అంటే 333 కెల్విన్‌లకు చేరితే పీడనం 52.4 అవుతుంది. అందులో 14.7 తీసేస్తే గేజి మీద 37.7. కెల్విన్‌లలో ఉష్ణోగ్రత ఎంత రెట్లు పెరిగితే మూసి ఉన్న గాలి పీడనమూ అన్ని రెట్లు పెరుగుతుందనే గే-లుస్సాక్ నియమాన్ని ఇంటర్‌లో బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క లెక్క చేయించాలని నా కోరిక. కెల్విన్ ఎందుకో పిల్లలు ఇక మరచిపోరు.

పెరిగింది అయిదు పాయింట్ల లోపే. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద కంపెనీ రాసేది చల్లని టైరుకు ఉండాల్సిన అంకె. నడిచాక పెరిగే పీడనాన్ని లెక్కలోకి తీసుకునే ఆ అంకె వేస్తారు. బాగున్న టైరు ఆ పెరుగుదలకు పేలదు.

మరి దేనికి పేలుతుంది? ఒక ఇనుప తీగను తీసుకుని ఒకే చోట అటూ ఇటూ గబగబా వంచి చూడండి. విరిగేలోపే ఆ చోటు వేలికి చురుక్కుమంటుంది. మంట పెట్టిందెవరు? మీ చేతులే. వంచడానికి పెట్టిన శ్రమ వేడిగా మారింది. కొంచెం వంచితే కొంచెం వేడి, బాగా వంచితే బాగా వేడి. ఆగి ఆగి వంచితే చల్లారే సమయం దొరుకుతుంది, వేగంగా వంచితే దొరకదు.

టైరు పక్క గోడలోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే, రబ్బరు మళ్లీ తన ఆకారానికి వస్తుంది. కానీ నొక్కినప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. మిగుల్చుకున్నది వేడి అవుతుంది. దీన్నే హిస్టరిసిస్ అంటారు. 1.8 మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 12 సార్లు తిరుగుతుంది. అంటే గోడలోని ప్రతి భాగం గంటకు 44 వేల సార్లు వంగి లేస్తుంది! ఒక్కో టైరు మీద 275 కిలోల బరువు ఉంటే, 33 పాయింట్ల దగ్గర నేలను తాకే భాగం సుమారు 118 చదరపు సెంటీమీటర్లు. 29కి దించితే 135. ఆ అదనపు వైశాల్యం గోడ మరింత వంగితేనే వస్తుంది. రబ్బరు వేడిని త్వరగా బయటికి పంపలేదు కాబట్టి అది ట్రెడ్ (నేలను తాకే గాళ్ల పొర) అంచుల దగ్గర పేరుకుని, ఉక్కు పొరలకూ రబ్బరుకూ ఉన్న అతుకును బలహీనపరుస్తుంది. గాలి తగ్గించి మనం తెచ్చుకునేది చల్లదనం కాదు, మరింత వేడి. ఎండ, వేగం, సామాను తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే నమ్మకం ఎవరికీ హాని చేయదు. ఈ నమ్మకం చేస్తుంది.

2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ట్రెడ్ ఊడిపోయిన ప్రమాదాలు అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ. ఆ టైర్లు వాడిన ఎక్స్‌ప్లోరర్ బండ్లకు ఫోర్డ్ సూచించిన పీడనం 26 మాత్రమే. తప్పు టైరుదా, బండిదా అని రెండు కంపెనీలూ వాదులాడుకున్నాయి. అదే ఏడాది వచ్చిన చట్టం వల్ల అక్కడి కొత్త కార్లలో గాలి 25 శాతం తగ్గితే డ్రైవరు ముందు హెచ్చరిక దీపం వెలగడం తప్పనిసరి అయింది. అయితే 33 ఉండాల్సిన టైరు 25 దాకా పడిపోతే గానీ ఆ దీపం వెలగనక్కరలేదు. నాలుగు పాయింట్ల లోటు దానికి కనిపించకపోవచ్చు. నైట్రోజన్ నింపినా పై లెక్క మారదు. మామూలు గాలిలో 78 శాతం అదే.

అందుకే నెలకోసారి, కారు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్నాక, సొంత గేజితో ఇంట్లోనే చూసుకోండి. పెట్రోల్ బంకు చేరేసరికి టైరు వేడెక్కుతుంది. దానికీ ఉపాయం ఉంది. ఇంటి దగ్గర 33కు బదులు 29 ఉంటే లోటు నాలుగు. బంకులో 31 చూపిస్తే 35 దాకా కొట్టించండి. చల్లారాక దాదాపు 33కు వస్తుంది. స్టెప్నీనీ అదే రోజు చూడండి.