పన్ను పీకించుకునే ముందు ఒక మాట

చిట్టీ, బుజ్జీ,

చిట్టికి పాలపన్ను ఊడిందని, దాన్ని డబ్బాలో దాచుకుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా రోజుల్లో పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసిరేసేవాళ్ళం. పాలపన్ను పోతే దిగుల్లేదు. కింద అసలు పన్ను కాచుకుని ఉంటుంది, వస్తూ తన ఎముకను తానే తెచ్చుకుంటుంది. పెద్ద పన్ను సంగతి వేరు.

పన్ను దవడలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. సన్నటి నారపోగులు దాని వేరును చుట్టూ ఉన్న ఎముకకు కట్టి ఉంచుతాయి, నులకమంచంలా. నమిలినప్పుడల్లా ఆ పోగులు లాగుతాయి, ఎముకకు పని దొరుకుతుంది. పన్ను తీసేస్తే ఆ పని పోతుంది. పనిలేని ఎముకను ఒంట్లో కణాలే కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. ముందు కరిగేది బుగ్గ వైపు, పెదవి వైపు ఉండే ఎముక గోడ. ముందుపళ్ళ దగ్గర అది చాలామందికి 1 మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దవడపళ్ళు తీసిన చోట కొలిచి చూస్తే ఏడాదిలో గట్టు (పళ్ళు నిలిచే ఎముక) వెడల్పు దాదాపు సగం తరిగింది. అందులో మూడింట రెండొంతులు మొదటి 3 నెలల్లోనే!

నా కింది పళ్ళన్నీ ఒక్కోటిగా పీకించుకున్నాను. ఎవరూ ఎముక మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. గట్టు అరిగి చదునైపోయింది. కట్టుడుపళ్ళు కూర్చోవు, మాట్లాడుతుంటే జారతాయి. మీరు ముసిముసిగా నవ్వేది అందుకేగా.

ఇప్పుడైతే దారి ఉంది. గోడ విరక్కుండా నెమ్మదిగా పన్ను తీసి, ఆ గుంటలోనే ఎముక పొడి నింపి, పైన కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో చేసిన పొర కప్పి కుట్లు వేస్తారు. తీగకు పందిరిలాగా, మన ఎముక అల్లుకోవడానికి ఆ పొడి ఆసరా. 4 నుంచి 6 నెలలాగి ఇంప్లాంట్ పెడతారు, అంటే పన్ను వేరుకు బదులు ఎముకలో బిగించే మర, దాని మీద కొత్త పన్ను. తరుగుదల పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. ఖర్చూ ఉంటుంది. ఆ పొడి ఆవు ఎముకతో చేసింది కావచ్చు, మనిషి దానమిచ్చింది కావచ్చు, ఫ్యాక్టరీలో తయారైందీ కావచ్చు. మనింట్లో ఆవు మాట పట్టింపే కాబట్టి ముందే అడగాలి. జ్ఞానదంతానికి మామూలుగా ఇదంతా అక్కర్లేదు, అక్కడ మళ్ళీ పన్ను పెట్టరు గనక.

పొడి వేసినా వేయకపోయినా, గుంటలో గడ్డకట్టిన నెత్తురు జాగ్రత్త. కొత్త ఎముక దాంట్లోంచే మొదలవుతుంది. ఆ రోజంతా గట్టిగా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. గడ్డ ఊడిందా, ఎముక బయటపడి చెవిదాకా పోటు. మీ తాతయ్య చుట్ట మానలేక వారం రోజులు పడ్డారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు చేగోడీలు తేవద్దని మీ అమ్మకు చెప్పండి. అరిసెలు చాలు, పాకం లేతగా పట్టినవి.

మీ అమ్మమ్మ