రశీదు చేతికొచ్చాక రాకండి: ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద అపోహలు - వాస్తవాలు

కావలిలో ఆదివారం పొద్దున్నే బల్ల వేసుకుని కూర్చుంటాం. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక బ్యాంకు ఉద్యోగి, నేను. స్కాలర్‌షిప్ ఫారాలు నింపడం, సర్టిఫికెట్లలో పేర్లు సరిచూడటం మా సంఘం పని. జులై, ఆగస్టుల్లో మాత్రం ఎక్కువ మంది కాలేజీ రశీదు పట్టుకునే వస్తారు.

ఆమధ్య వింజమూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కూలి పని. కూతురికి ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ మొదలవకముందే ఎవరో ఏజెంటు ఇంటికొచ్చి, "తెల్లకార్డే గదా, రీయింబర్స్‌మెంట్ ఎట్టయినా వస్తుంది, ఇప్పుడే చేర్చండి" అని నలభై వేలు కట్టించాడు. తీరా చూస్తే మేనేజ్‌మెంట్ సీటు. "మీరు మాట్లాడి కోటా మార్పించండి సార్" అంటాడు. మాకేం అధికారం ఉందని మార్పిస్తాం?

అపోహ: తెల్లకార్డు ఉంటే ఏ సీటుకైనా ఫీజు ప్రభుత్వమే కడుతుంది.

వాస్తవం: కట్టదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి. 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అంటే కాలేజీ సొంతంగా నింపుకునేవి. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంట్ సీట్లకు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలితే ఇచ్చే స్పాట్ అడ్మిషన్ సీట్లకు కార్డున్నా రాదు, కులం ఏదైనా రాదు. నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. ఆ అమ్మాయి ర్యాంకుకు కౌన్సెలింగ్‌లో అదే కాలేజీలో అదే బ్రాంచి వచ్చేది!

అందుకని ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టి (ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600) సర్టిఫికెట్లు వెరిఫై చేయించుకోండి. తెల్లకార్డు గానీ ఆదాయ ధ్రువపత్రం గానీ అప్పుడే చూపించాలి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో చెప్పేవి, మీ పిల్లలే పెట్టుకోవాలి. "మేం పెట్టేస్తాం" అని హాల్‌టికెట్టు, ఓటీపీ అడిగేవాడు తన కాలేజీ ఒక్కటే పెట్టి పోతాడు. ఫోను వాడి చేతికి ఇవ్వొద్దు.

ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. నా కౌన్సెలింగ్‌కి తిరుపతి పోయినప్పుడు కుల ధ్రువపత్రం ఒరిజినల్ లేదని మమ్మల్ని వెనక్కి పంపారు. రాత్రి బస్సులో ఊరికొచ్చి, అది తీసుకుని తెల్లారి మళ్లీ బయల్దేరాం. దారంతా నాన్న నోరు విప్పలేదు. ఈయన కూడా రశీదు మడతలు పెడుతూ అట్టాగే కూర్చున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఒంగోలు ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ ఉంటుందని కోచింగ్‌కి డబ్బులు పోస్తున్నారు. సీట్లిచ్చేది పదో తరగతి మార్కుల మీద. సర్కారు బడి పిల్లలకు అదనంగా 4 శాతం కలుపుతారు కూడా.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష పాసైతే డబ్బు దానంతటదే పడదు. ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. ప్రతి ఏడూ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. మర్చిపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

నవోదయకు సిఫారసు కావాలన్నది ఉత్త పుకారు. మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉన్న స్కూల్లోనైనా, ఒంగోలు స్కూల్లోనైనా 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. కానీ ఆరో తరగతి ప్రవేశపరీక్ష ఒక్కసారే రాయనిస్తారు.

"మాకు చదువు రాదు, ఇయన్నీ మాకేం తెలుస్తాయి సార్" అనే తల్లులకు నేను దూబగుంట ఊరి సంగతి చెబుతాను. మన జిల్లాలోనే, రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు 1992లో సారా అంగళ్లు మూయించారు. వాళ్లకి ఓటీపీ ఒక లెక్కా?

మా సంఘం ఫీజులు కడుతుందని కూడా చాలామంది అనుకుంటున్నారు. మా దగ్గర అంత డబ్బు లేదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు గదా. కోటా మారదు గానీ సీటు వదులుకోవచ్చు. కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని, గడువులోపు మానేస్తే వెయ్యికి మించి కోయకూడదని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీల మీద ఉండే కేంద్ర మండలి) నిబంధన. ఆ కాగితం ప్రింటు తీసి హెడ్మాస్టరు గారు తండ్రిని వెంటబెట్టుకుని కాలేజీకి పోయారు. మూడో రోజుకు టీసీ ఇచ్చారు. చివరి విడత కౌన్సెలింగ్‌లో పిల్లకు వేరే కాలేజీలో కన్వీనర్ సీటొచ్చింది. నలభై వేలల్లో సగమే వెనక్కొచ్చింది, అదీ సంక్రాంతి దాటాక.