బడుల విలీనం: అపోహలు – వాస్తవాలు

ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తూ మండల విద్యాధికారి బాధ్యతలు కూడా చూస్తున్నందువల్ల, ఏటా జూన్‌లో బడిబాట (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమం) ముగిసేసరికి విలీనం, అంటే పిల్లలు తక్కువున్న బడిని మూసి దగ్గరి బడిలో కలపడం గురించిన వాదనలు నా ముందుకు వస్తూనే ఉంటాయి. కేంద్ర విద్యాశాఖ ఏటా సేకరించే బడుల సమాచారం, 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 2,245 ఉన్నాయి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ సుమారు 3.05 లక్షల కోట్ల రూపాయలు కాగా, అందులో విద్యకు దక్కింది 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. ఇలాంటి స్థితిలో బడులను పునర్వ్యవస్థీకరించక తప్పదని నేనూ నమ్ముతాను. అయితే అది ఏ లెక్కతో జరుగుతోందన్నదే నా ఆందోళన.

అపోహ: చిన్న బడిని మూస్తే ప్రభుత్వానికి డబ్బు బాగా మిగులుతుంది.

వాస్తవం: ప్రాథమిక పాఠశాల ఖర్చులో అత్యధిక భాగం టీచర్ జీతమే, బడి మూసినా ఆ జీతం ఆగదు, టీచర్ మరో బడికి వెళ్తారు, అంతే. తొమ్మిది మంది పిల్లలున్న బడిని మూస్తే నికరంగా మిగిలేది బడి నిర్వహణకు ఏటా ఇచ్చే 10,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు, వంట చేసే అమ్మకు నెలకు 3,000 చొప్పున పది నెలల గౌరవ వేతనం, మొత్తం 40,000. కొత్త బడి నిర్ణీత దూరం దాటితే ఒక్కో బిడ్డకు ఏడాదికి 6,000 వరకు రవాణా భత్యం ఇవ్వాలి. తొమ్మిది మందికి అది 54,000 అవుతుంది.

అపోహ: మూడు బడులను కలిపితే తరగతికొక టీచర్ వచ్చేస్తారు.

వాస్తవం: తల్లిదండ్రులు ఎక్కువగా నమ్మేదీ, చివరికి ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. ఐదుగురు కావాలంటే పిల్లల సంఖ్య 120 దాటాలి. ఇరవై మంది చొప్పున పిల్లలున్న మూడు బడులకు చట్టం లెక్కన ఆరుగురు టీచర్లు రావాలి, కానీ అవే మూడూ ఒక్కటైతే 60 మందికి ఇద్దరే మిగులుతారు, తక్కిన నలుగురూ 'మిగులు' జాబితాలోకి వెళ్లిపోతారు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి సబ్జెక్టులు, మొత్తం 18 సబ్జెక్టులను ఆ ఇద్దరే ఐదు తరగతులకు చెప్పాలి. కాబట్టి విలీనానికి ఒప్పుకునే ముందు పాఠశాల యాజమాన్య కమిటీ గానీ, మహిళలతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ గానీ అడగవలసింది కొత్త భవనం గురించి కాదు, కలిపిన బడిలో తరగతికొక టీచర్‌ను ఉంచుతామని రాతపూర్వకంగా ఇస్తారా అని. ఆ హామీ ఉన్నచోట, దూరం తక్కువైనచోట, విలీనం పిల్లలకు నిజంగా మేలు చేస్తుంది. అలాంటి చోట ఊరి పేరు మీది పట్టుదలతో ఏకోపాధ్యాయ పాఠశాలను నిలబెట్టుకోవడం పిల్లలకు న్యాయం కాదని కూడా నేను అంతే గట్టిగా చెబుతాను.

అపోహ: కిలోమీటరు లోపు మరో బడి ఉంటే ఇబ్బంది ఉండదు.

వాస్తవం: ప్రాథమిక పాఠశాలకు కిలోమీటరు, ప్రాథమికోన్నతానికి మూడు కిలోమీటర్లు అనేవి సాధారణ పరిమితులు మాత్రమే. వరద ముప్పు, రోడ్డు లేకపోవడం వంటి చోట్ల ఆ దూరాన్ని తగ్గించాలని కేంద్రం రూపొందించిన నమూనా నియమావళే చెబుతోంది. 2023 జూలైలో ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎన్ని ప్రాణాలను బలిగొన్నదో ములుగు జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. వాగు అవతల ఉన్న గూడెం బడిని పటం మీది దూరం చూసి మూసివేయకూడదు.

అపోహ: పాఠాలు చూపే డిజిటల్ తెరలు (ప్యానెళ్లు), గోడలకు రంగులు వస్తే బడి ఆధునికమైనట్టే.

వాస్తవం: 2022లో ప్రభుత్వ బడుల బాగు కోసం తెచ్చిన 'మన ఊరు – మన బడి' పథకం కింద 26,065 పాఠశాలలకు 7,289 కోట్ల అంచనాతో చేపట్టిన పనుల్లో మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు వంటివి ఉన్నాయి, అవి అవసరమే. కానీ ప్యానెల్ పెట్టినా, దానితో పాఠం చెప్పే మనిషే లేని తరగతిలో అది గోడకు వేలాడుతుంది.

అపోహ: ప్రభుత్వ టీచర్లు చెప్పకపోవడం వల్లే బడులు ఖాళీ అయ్యాయి, ఆ గదులిక వృథా.

వాస్తవం: రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 1.8కి చేరింది, పుట్టే పిల్లలే తక్కువ. ఉన్నవారిలో చాలామంది మూడేళ్లకే ప్రైవేటు నర్సరీలో చేరతారు. చాలా ప్రభుత్వ బడులు మాత్రం ఒకటో తరగతి నుంచే మొదలవుతాయి కనుక, ఆ వయసుకు వచ్చిన బిడ్డను అప్పటికే అలవాటైన బడి నుంచి తల్లిదండ్రులు మాన్పించరు. మిగిలినవారిలో కొందరు ఐదో తరగతికి గురుకులానికి వెళ్తారు. అందుకే 2025-26లో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలు కావడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. ఖాళీ గది ఉన్న ప్రతి బడినీ మిగులుగా రాసే ముందు, ఆ ఊళ్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎందరున్నారో, వారిలో ఎందరు వ్యాను ఎక్కి పోతున్నారో అంగన్‌వాడీ టీచర్‌తో కలిసి లెక్క తీయాలని, ఆ లెక్క జిల్లాకు పంపే విలీన ప్రతిపాదనకు జతపరచాలని మా మండలంలోని కాంప్లెక్స్ (కొన్ని బడుల సముదాయం) ప్రధానోపాధ్యాయులను నేను కోరుతున్నాను.