చేతి యాక్సిలేటర్ బిగుసుకుంటే డీజిల్ పంపు పోయినట్టేనా? మినీ ట్రాక్టర్ మీద అపోహలు – వాస్తవాలు

ఈ వారంలో ఇది మూడో బండి. మినీ ట్రాక్టర్, హ్యాండ్ త్రాటిల్ లివర్ (చేతి యాక్సిలేటర్) రెండు చేతులతో నెట్టినా కదలట్లేదు, ఓనర్ మొహం వాడిపోయి ఉంది, బండి దిగుతూనే అడిగిన మొదటి మాట "పంపు పోయిందంట కదా?" ఎవరన్నారు అంటే పక్క చేను ఆయన అన్నాడు, వీడియోలో ఎవరో చెప్పారు, ఇంకో షెడ్డులో చూసి తేల్చేశారు. అంతా విన్నదే, చూసింది ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళలో లివర్ గట్టిపడిందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో నిజంగా పంపు తప్పు తేలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కానీ జనం డబ్బు పోగొట్టుకునేది మాత్రం పంపు దగ్గరే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: లివర్ బిగుసుకుందంటే పంపులో గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) పట్టేసినట్టే, పంపు దింపాల్సిందే.

వాస్తవం: మీ చేతికీ పంపుకీ మధ్య మూడు భాగాలున్నాయి. పైన లివర్, దాన్ని పట్టి ఉంచే ఫ్రిక్షన్ వాషర్లు. మధ్యలో కేబుల్, కొన్ని బండ్లలో కేబుల్ బదులు రాడ్లు, బుష్‌లు. కింద పంపు మీద ఉండే చిన్న చెయ్యి, దాని రిటర్న్ స్ప్రింగు. ఈ మూడింట్లో ఏది పట్టేసినా పైన పట్టుకున్న చేతికి ఒకేలా తెలుస్తుంది, చేతి అంచనాతో ఏ తప్పు ఎక్కడుందో చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా సరే. విడదీసి చూడాలి. దానికి పెద్ద సామాను కూడా అక్కర్లేదు.

ఇంజిన్ ఆపండి, కీ తీసి జేబులో వేసుకోండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, సైలెన్సర్ చల్లారనివ్వండి. బానెట్ లేపి పంపు దగ్గర కేబుల్ చివర ఉన్న పిన్నో బాల్ జాయింటో ఊడదియ్యండి. ఇప్పుడు పంపు మీద చెయ్యిని రెండు వేళ్ళతో చివరిదాకా తిప్పి వదిలేయండి. స్ప్రింగు బలం వేళ్ళకి తెలుస్తుంది, అది ఉండాల్సిందే. వదలగానే వెనక్కొచ్చి ఐడిల్ స్క్రూకి (ఇంజిన్ కనీస వేగానికి హద్దు అది) టక్కుమని తగలాలి. ఆ టక్కు వినపడితే మీ పంపు జోలికి ఎవరినీ పోనివ్వకండి. అదే వేళ్ళకి ఎక్కడైనా పట్టినట్టు అనిపించినా, సగంలో ఆగి మెల్లగా వెనక్కొచ్చినా అప్పుడు పంపు గురించి మాట్లాడదాం, అది కూడా ముందు బయట షాఫ్ట్ చుట్టూ పేరుకున్న డీజిల్ మడ్డి, దుమ్ము కడిగి చూశాకే.

పానా కూడా ముట్టుకోకుండా ఇంకో గుర్తు ఉంది. కాలి యాక్సిలేటర్ ఉన్న బండ్లలో చాలావాటికి పెడల్, చేతి లివర్ రెండూ చివరికి తిప్పేది పంపు మీద ఆ ఒక్క చెయ్యినే. పెడల్ తొక్కితే మెత్తగా దిగి, కాలు తీయగానే ఇంజిన్ ఐడిల్‌కి వచ్చేస్తోందంటే పంపు బాగున్నట్టే, తప్పు చేతి లివర్ వైపు ఉంది. ఆయిలు ఒత్తిడితో చక్రాలు తిరిగే హైడ్రోస్టాటిక్ బండ్లలో చాలావాటికి కాలి యాక్సిలేటర్ ఉండదు కాబట్టి వాటికి మాత్రం కేబుల్ ఊడదీసి చూడటమే దారి.

ఒక పెద్దాయన సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. నా దగ్గరికి వచ్చేసరికే ఆయన ఇంకో చోట పంపు దింపించి, కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించి, మళ్ళీ ఎక్కించి ఉన్నాడు. అన్నీ అయ్యాక లివర్ చూస్తే మొదట ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది. నేను పంపు దగ్గర పిన్ను లాగాను, టక్కుమంది. కేబుల్ వెంట చెయ్యి పెట్టి తడుముకుంటూ పోతే సైలెన్సర్ పక్కన నాలుగు వేళ్ళ వెడల్పున ఔటర్ (కేబుల్ పై తొడుగు) మీది ప్లాస్టిక్ కరిగి, మళ్ళీ గట్టిపడి గాజు ముక్కలా మెరుస్తోంది. కోసి చూస్తే లోపలి నైలాన్ గొట్టం కూడా కరిగి ఇన్నర్ తీగకి అతుక్కుపోయింది. కేబుల్ పట్టి ఉంచాల్సిన క్లిప్పు ఎప్పుడో ఊడిపోతే అది జారి సైలెన్సర్ మీద ఆనుకుంది, జరిగింది అంతే. ఆయన ఆ ముక్క చేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా బాబూ?" అన్నాడు. "ఇంతే బాబాయ్" అన్నాను. ఇంకో మాట నోట్లోంచి రాలేదు నాకు. అదును పోతోందన్న కంగారులో ఉన్న మనిషికి పంపు అని చెప్తే పంపు అనే నమ్ముతాడు, ఆయన తప్పేముంది ఇందులో.

డబ్బొక్కటే కాదు నష్టం. పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్‌కీ, అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది, తల వెంట్రుక మందంలో ఎన్నో వంతో. దుమ్ములో, బల్ల మీద గోనెపట్టా వేసి విప్పాల్సిన వస్తువు కాదది. పైగా తీసి పెట్టేటప్పుడు డీజిల్ కొట్టే టైమింగ్ కాస్త అటూ ఇటూ అయిందా, బాగున్న బండి పొగ కొట్టడం, స్టార్టింగ్ మొరాయించడం మొదలవుతుంది. లేని జబ్బుకి ఆపరేషన్ చేసి కొత్త జబ్బు తెచ్చుకోవడమే.

అపోహ: గట్టిగా ఉంటే గ్రీజు దట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కడ దట్టిస్తున్నారో చూసుకోవాలి. లివర్ మొదట్లో ఫైబర్ వాషర్లు, వాటిని నొక్కి పట్టే స్ప్రింగు వాషర్లు, ఒక లాక్ నట్టు ఉంటాయి. కింద పంపు స్ప్రింగు ఎప్పుడూ లివర్‌ని ఐడిల్ వైపు లాగుతూ ఉంటుంది, మీరు పెట్టిన చోట లివర్ ఆగుతోందంటే ఆ వాషర్ల రాపిడి వల్లే. అక్కడ గ్రీజు పడితే రాపిడి పోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో సరిగ్గా ఇదే చేశాను. వాషర్లు విప్పి, శుభ్రంగా గ్రీజు పూసి, వెన్నలా తిరుగుతోందని సంబరపడి బండి ఇచ్చేశాను. మర్నాడు అదే బండి తిరిగొచ్చింది, రోటవేటర్ వేస్తుంటే లివర్ దానంతట అదే కిందికి దిగిపోతోందని. గురువుగారు నన్ను ఒక్క మాట అనలేదు, ఆ వాషర్లు నా చేతే పెట్రోలుతో రెండుసార్లు కడిగించి, అయినా పట్టు రాకపోతే కొత్తవి తెప్పించి వేయించారు. ఫైబర్ ఒకసారి నూనె పీల్చుకుంటే కడిగినా పూర్తిగా వదలదని నాకు అప్పుడు తెలిసింది.

అక్కడ తుప్పు పట్టి ఉంటే విప్పి, ఇనుప వాషర్లని సన్నటి ఎమరీ పేపరుతో రుద్ది, పొడిగా తుడిచి బిగించండి. ఏ వాషర్ తర్వాత ఏది ఉందో విప్పేముందే ఫోటో తీసుకోండి, స్ప్రింగు వాషర్లు తిరగేసి పెడితే బిగువు మొత్తం మారిపోతుంది. నూనె కావాల్సింది లివర్ షాఫ్ట్ తిరిగే బుష్‌కి, రాడ్ల పిన్నులకి, బాల్ జాయింట్లకి, అదీ చుక్కల లెక్కన.

కేబుల్ సంగతికొస్తే, లోపల నైలాన్ గొట్టం ఉన్న కేబుల్‌కి గ్రీజు అస్సలు పెట్టకండి, దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. గొట్టం లేని పాత రకం కేబుల్ అయితే పైచివర ఊడదీసి నిలువుగా వేలాడదీసి, పల్చటి నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ ఇన్నర్ని పైకీ కిందకీ ఆడించండి. కింద నుంచి మొదట ఎర్రటి తుప్పు నీళ్ళు కారతాయి, తర్వాత నల్లగా, ఆ తర్వాత నూనె నూనెలాగే వస్తుంది, అప్పటిదాకా ఆపొద్దు. ఒక పోగు తెగి ఉన్నా, ఔటర్ ఎక్కడైనా నలిగినా, కరిగినా శుభ్రం చేస్తూ కూర్చోకండి, మార్చేయండి. కొత్తది సరిగ్గా పాత పొడవే ఉండాలి, మిగిలిందని చుట్టి పెట్టారా ప్రతి వంపు దగ్గరా రాపిడి పెరిగి కొత్త కేబుల్ కూడా పాతదానిలాగే లాగుతుంది. టై కట్టేటప్పుడు ఔటర్ నొక్కుకుపోయేలా బిగించకండి, ఆ ఒక్క టై కత్తిరించగానే బాగైపోయిన బండ్లు కూడా చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తా. రిటర్న్ స్ప్రింగు బలం ఎక్కువై లివర్ గట్టిగా ఉందని స్ప్రింగు తీసేయడం, మెత్తటిది వేయడం: దయచేసి ఎవరూ చేయకండి, ఏదైనా జరిగినప్పుడు ఇంజిన్ని ఐడిల్‌కి తెచ్చేది ఆ స్ప్రింగే. లివర్‌కి పైపు తొడిగి నెట్టడం: బ్రాకెట్ వంగుతుంది, ఆ తర్వాత లివర్ చివరిదాకా నెట్టినా పంపు చెయ్యి చివరిదాకా పోదు, ఇక బండికి పవర్ తగ్గిందని ఇంకో వెతుకులాట మొదలు. పంపు మీద సీలు వేసిన స్క్రూ తిప్పితే ఫ్రీ అవుతుందన్నది వట్టి పుకారు, అది ఇంజిన్ గరిష్ఠ వేగానికి హద్దు, లివర్ బిగువుతో దానికి సంబంధమే లేదు. లివర్ పనిచేయట్లేదని పెడల్ మీద రాయి పెట్టి పని కానిచ్చేవాళ్ళు ఉన్నారు, ఆ రాయి తీయడానికి పట్టే రెండు క్షణాలే మనిషి ప్రాణం కావచ్చు. లివర్ కింద కేబుల్ బదులు వైర్లు మాత్రమే ఉన్న కొత్త ఎలక్ట్రానిక్ రకం అయితే ఇందులో కేబుల్ మాటలేవీ దానికి వర్తించవు, స్ప్రే కూడా కొట్టొద్దు.

ఇంకొకటి, పైకి నెట్టేకొద్దీ లివర్ కొంచెం బరువెక్కడం జబ్బు కాదు, స్ప్రింగు సాగుతోంది కాబట్టి అలాగే ఉంటుంది. భయపడాల్సింది ఒకచోట పట్టి, జర్కుతో వదిలితేనే.

అంతా బిగించాక ముందు ఇంజిన్ ఆపి ఉండగానే లివర్ నాలుగైదుసార్లు ఆ చివర నుంచి ఈ చివరికి ఆడించి పంపు చెయ్యి ఐడిల్ స్క్రూనీ, గరిష్ఠ వేగం స్క్రూనీ రెండిటినీ తాకుతోందో లేదో చూడండి. తర్వాత బండిని న్యూట్రల్‌లో, పీటీఓ (వెనక పనిముట్టుని తిప్పే షాఫ్ట్) ఆఫ్‌లో స్టార్ట్ చేసి, స్టాప్ నాబ్ ఎక్కడుందో చూసుకుని, మీటర్ మీద పీటీఓ 540 (నిమిషానికి 540 చుట్లు) గుర్తు దాకా రేజ్ చేసి చెయ్యి తీసేయండి. పది నిమిషాలు ముల్లు మీదే కన్నుండాలి. వణుకుకి ముల్లు మెల్లగా దిగుతుంటే ఇంజిన్ ఆపి లాక్ నట్టు పావు చుట్టు బిగించండి, మళ్ళీ చూడండి. ఒకేసారి ఒక చుట్టు బిగిస్తే మళ్ళీ మొదటికే వస్తారు.