వరద పోయాక పాత గోడకు దుడ్లు ఎవరిస్తారు?

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నోడు ఒక ప్రశ్న వేశాడు. వరదొస్తే రోడ్లు బాగుచేస్తారు, కరెంటు స్తంభాలు మళ్లీ పాతుతారు, మరి పాత గుళ్లు, కోటగోడలు, గోరీలు పాడైతే వాటికి దుడ్లు ఎవరిస్తారు జేజినాయనా అని. ఫోన్లో చెబితే సగం వినరు, మిగతా సగంలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది, అందుకని రాస్తున్నా. మీ క్లాసు పిల్లలకు కూడా చూపించండి. ఉద్యోగమంతా ప్రభుత్వ భవనాలకు ఎస్టిమేట్లు రాస్తూ గడిపినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు దుడ్ల వైపు నుంచే కనిపిస్తుంది. శిల్పాల అందం చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు బాగానే చెబుతున్నారు.

మన సీమకు కరువేగానీ వరదేంటి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి, కింద శ్రీశైలం నీళ్లు వెనక్కి తన్ని, మన కర్నూలు పాతబస్తీ మునిగిపోయింది. సుమారు 19 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేసిన శ్రీశైలం డ్యాముకు ఆ వరదలో 25 లక్షలకు పైగా వచ్చింది. మంత్రాలయం మఠంలోకీ నీళ్లొచ్చాయి. తర్వాత 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి రోజున, అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చేసింది. మనుషులు పోయినచోట ముందు మనుషుల సంగతే చూడాలి, రాళ్ల సంగతి తర్వాత, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత అనేది ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే అది ఎప్పటికీ రాదు.

ఎంత పాడైందో చూసే ముందు ఆ కట్టడం ఎవరిదో కనుక్కోవాలి. హంద్రి ఒడ్డున మీరు క్రికెట్ ఆడుకోవడానికి పోతూ చూసే అబ్దుల్ వహాబ్ గోరీ, అదే మనం గోల్ గుమ్మజ్ అంటామే, అది కేంద్ర పురావస్తు శాఖది, ఏఎస్ఐ అంటారు. లేపాక్షి, తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం, చెయ్యేటికి దగ్గర్లోని నందలూరు సౌమ్యనాథాలయం, గండికోట, ఇవన్నీ వాళ్లవే. దేశం మొత్తమ్మీద ఇలాంటివి 3,700 దాకా ఉన్నాయి, అన్నింటికీ దుడ్లు కేంద్ర సాంస్కృతిక శాఖ బడ్జెట్లోంచి రావాలి. 1958 నాటి చట్టం ప్రకారం వాటి మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు, ఊళ్లో పెద్దమనిషి సిమెంటు బస్తాలు ఇస్తానన్నా సరే. కొందరికి ఇది కోపం తెప్పిస్తుంది గానీ, ఆ అడ్డు లేకపోతే ఈపాటికి సగం గుళ్లకు బాత్రూం టైల్స్ అంటించి ఉండేవాళ్లని నా నమ్మకం.

రాష్ట్ర పురావస్తు శాఖ కింద కొన్ని ఉన్నాయి, వాటికి 1960 నాటి వేరే చట్టం, రాష్ట్ర బడ్జెట్. పూజలు జరిగే గుళ్లు చాలావరకు దేవాదాయ శాఖవి. పెద్ద గుళ్ల ఆదాయంలోంచి కొంత పక్కకు తీసి సర్వశ్రేయోనిధి అని పెడతారు, దాన్ని ఆఫీసుల్లో సీజీఎఫ్ అంటారు, ఆదాయం లేని పాత గుడికి అందులోంచి అడగొచ్చు, గుడి తరఫున కూడా కొంత వాటా చూపించాలి. మసీదులు, దర్గాలయితే వక్ఫ్ బోర్డు. ఇవేవీ కాని కట్టడాలు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. ఊరి బయట మండపం, మెట్లబావి, పాళెగాళ్ల బురుజు. ఏ శాఖ జాబితాలోనూ లేని కట్టడానికి వరదొస్తే రిపోర్టులో వరస కూడా ఉండదు.

ఇక విపత్తు నిధి సంగతి. ప్రతి రాష్ట్రానికీ ఎస్‌డీఆర్‌ఎఫ్ అని ఒక నిధి ఉంటుంది, మనలాంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. వరద రాగానే కలెక్టరు చేతికి అందేది ఇదే. కానీ దేనికి ఎంత ఇవ్వాలో ముందే రాసి ఉంటుంది. రోడ్లు, తాగునీళ్లు, బడులు, ఆసుపత్రులు, పంచాయతీ ఆస్తులు, పంటనష్టం, ఇళ్లు. వెయ్యేళ్ల మండపం అనే వరసను దృష్టిలో పెట్టుకొని రాసిన పట్టిక కాదది. ఇళ్ల విషయంలోనే చూడండి. 2022 నుంచి 2026 వరకు పెట్టిన రేట్ల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, 15 శాతమో ఆపైనో దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఇప్పుడు మీ అవ్వగారి ఊళ్లో నూరేళ్లు దాటిన మిద్దె ఇల్లుంది కదా, టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధం, దూలాల మీద మట్టి మిద్దె, అది ఒకపక్క కుంగిందనుకోండి, ఆ ద్వారబంధంలో ఒక రెక్క బాగుచేసే వడ్రంగి కూలికి కూడా ఆ సొమ్ము చాలదు. దాంతో ఇంటాయన ఏం చేస్తాడు, పూర్తిగా కూలిందని రాయించుకుని, టేకు అమ్ముకుని, స్లాబు వేసుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కూల్చినవాడికి ఎక్కువ, నిలబెట్టినవాడికి తక్కువ వచ్చేలా ఆ పట్టికే ఉంది.

కేంద్రం, రాష్ట్రాలు దుడ్లు ఎలా పంచుకోవాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన విపత్తు నిధుల్లో ఒక కొత్త పద్ధతి పెట్టింది, అది నాకు నచ్చింది. మొత్తంలో 20 శాతం విపత్తు రాకముందే నష్టం తగ్గించే పనులకు, మిగతా 80లోంచి 30 తర్వాతి పునర్నిర్మాణానికి అని విడగొట్టింది. పాత కట్టడాల పేరు చెప్పి ఈ 20 శాతంలోంచి అడగడానికి ఎవరైనా పూనుకోవాలి. ఎందుకంటే పాత కట్టడానికి ముందు పెట్టే ఖర్చు నిజంగా చాలా చిన్నది: చుట్టూ కాలువ పూడిక తీయడం, పైకప్పు మీద రావి మొక్క వేరు పట్టకముందే పీకడం, సున్నం ఊడిన దర్జులు, అంటే రాళ్ల మధ్య సందులు, పూడ్చడం. నీళ్లు గోడ పునాదిలో నిలిచి నల్లరేగడి ఉబ్బి, ఎండాక బీటలిచ్చి గోడ వంగిందంటే అదే పని లక్షల్లోకి పోతుంది.

ఇప్పుడు నాకు తెలిసిన భాగానికి వస్తా, కొంచెం ఓపిగ్గా చదవండి. దుడ్లు మంజూరైనా పని చెడేది ఇక్కడే. ప్రభుత్వ పనికి ఎస్టిమేట్ వేయాలంటే ఎస్ఎస్ఆర్ అనే రేట్ల పుస్తకం ఉంటుంది, అందులో ఘనపు మీటరు కాంక్రీటుకు ఇంత, చదరపు మీటరు ప్లాస్టరింగుకు ఇంత అని వరసగా ఉంటాయి. పాత గోడ కట్టింది గానుగ సున్నంతో. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి తయారుచేసేవాళ్లు. దానికి రేటు వేయాలంటే రేటెలా వచ్చిందో విడిగా డేటా కట్టి, పైఅధికారి చేత ఒప్పించుకోవాలి. సిమెంటు రేటు వేస్తే ఒక పూటలో ఎస్టిమేట్ అయిపోతుంది. వరద తర్వాత అందరికీ తొందర, అదీ కాక ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ లోపు బిల్లు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని టెన్షన్. అందరూ సిమెంటే రాస్తారు. రాతి సందుల్లో సిమెంటు పూశాక గోడ లోపలి తడి బయటికి రాలేక రాతిలోంచే దారి చూసుకుంటుంది, దాంతోపాటు ఉప్పు వస్తుంది, ఆ ఉప్పు ఆరి పెరిగి రాయిని పొరలు పొరలుగా ఊడదీస్తుంది. అంటే వరద చేయని నష్టం మరమ్మతు చేస్తుంది, అదీ మన దుడ్లతో.

ఆ తర్వాత టెండరు. తక్కువకు వేసినవాడికి, ఎల్-వన్ అంటారు, పని వస్తుంది. రోడ్డుకు ఇది సరిపోతుందేమో. సున్నం పని తెలిసిన మేస్త్రీ తక్కువకు రాడు. నేపాల్లో 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత ఇదే గొడవ జరిగింది. కాఠ్మాండూ నడిబొడ్డున రాణీ పోఖరీ అని 17వ శతాబ్దపు కోనేరు ఉంది, మధ్యలో చిన్న గుడి. నగరపాలిక కాంట్రాక్టుకిచ్చి కాంక్రీటు పోయిస్తుంటే ఊరి జనం అడ్డం పడి పని ఆపించారు. మళ్లీ పాతపద్ధతిలో కట్టి 2020లో పూర్తిచేశారు. ఆ ఊరికి ఆ పేరొచ్చిందే కాష్ఠమండపం అనే కొయ్య మండపం నుంచి అంటారు, అదీ ఆ భూకంపంలోనే కూలింది. దాన్ని టెండరుకు ఇవ్వొద్దని జనమే పట్టుబట్టి, స్థానికుల కమిటీ పెట్టుకుని నిలబెట్టారు. ఆలస్యమైంది, కొట్లాటలూ అయ్యాయి. అయినా నిలబడింది.

ప్రభుత్వం కాక వేరే సంచులు కూడా ఉన్నాయి. 1996లో కేంద్రం జాతీయ సాంస్కృతిక నిధి అని ట్రస్టు పెట్టింది, ఎవరైనా విరాళం ఇచ్చి ఫలానా కట్టడానికే వాడమని చెప్పొచ్చు, ఆదాయపు పన్నులో మినహాయింపూ ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు ఖర్చుపెట్టాలి, ఆ పనుల జాబితాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ అని స్పష్టంగా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు, గనులు మన చుట్టూ తక్కువేం లేవు కదా. కాకపోతే కంపెనీలకు బోర్డు కనబడే పని కావాలి, లైట్లు, గార్డెను, సెల్ఫీ పాయింటు. కాలువ పూడిక తీయించాం అని బోర్డు పెట్టుకునే కంపెనీని నేనింకా చూడలేదు.

అమెరికాలో పెద్ద తుపాను తర్వాత పాత భవనాలకని అక్కడి కాంగ్రెస్ విడిగా నిధి మంజూరు చేస్తుంది. 2012 శాండీ తుపాను తర్వాత 5 కోట్ల డాలర్లు అలా పక్కన పెట్టారు. ఆ సొమ్ముతో బాగుచేయించుకున్న యజమాని ఇక మీదట దాని పాతరూపం చెడగొట్టనని పత్రం రాసివ్వాలి. మన మిద్దె ఇళ్లకు ఇలాంటి షరతుతో నాలుగు దుడ్లు ఎక్కువిస్తే ఎంత బాగుండునో. జపాన్‌లో కుమమోటో కోట 2016 భూకంపంలో దెబ్బతింటే, పది వేల యెన్‌లు, ఆపైన ఇచ్చినవాళ్లను కోట దొరలు అంటూ పత్రం ఇచ్చారు, జనం ఎగబడి ఇచ్చారు. మొత్తం కోట పూర్తయ్యేది 2052కట. మీరు అప్పటికి నాకంటే పెద్ద కబుర్లు చెబుతుంటారు. అక్కడ నన్ను ఆకట్టుకున్నది దుడ్లు కాదు, రాళ్లు. పడిన రాళ్లకు నంబర్లు వేసి, భూకంపానికి ముందు తీసిపెట్టిన ఫొటోలతో పోల్చి ఏ రాయి ఎక్కడిదో పట్టుకున్నారు.

మనోళ్లకు అది చేతకాదని అనుకోవద్దు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి మన జగన్నాథ గట్టు మీద నిలబెట్టారు, మీరు గట్టెక్కి ఫొటోలు దిగింది ఆ గుడి దగ్గరే. నీళ్లు ఎప్పుడొస్తాయో అప్పుడు ముందే తెలుసు కాబట్టి కొలతలు తీసుకునే తీరిక దొరికింది. 2009లో దొరకలేదు.

నిధులిచ్చే ఏ ఆఫీసైనా మొదట అడిగేది రెండే కాగితాలు: ఇది ఎవరిదని, పాడవకముందు ఎలా ఉండేదని. రెండోది లేకుండా ఎంత నష్టమో ఎవడూ రాయలేడు, రాసినా ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు. మీ అవ్వగారి ఊరి బయట నాలుగు కాళ్ల మండపం, దాని పక్క మెట్లబావి ఏ జాబితాలోనూ లేవు, నేను కనుక్కున్నా. వేసవి సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే పోయి ఒక్కో స్తంభం నాలుగు వైపులా ఫొటో తీద్దాం, పక్కన స్కేలు పెట్టి, తేదీ వేసి. పొడవు, వెడల్పు, మెట్ల లెక్క, ఎక్కడ బీటుందో గీసుకుందాం. ఒక కాపీ పంచాయతీలో ఇచ్చి రశీదు తీసుకుందాం, ఇంకోటి పురావస్తు శాఖకు రిజిస్టర్ పోస్టులో పంపుదాం. బావిలోకి దిగేది లేదు, అది ఇప్పుడే చెబుతున్నా. టేపు నా దగ్గరుంది, ముప్పై మీటర్లది. గళ్ల కాగితాలు, పెన్సిళ్లు మీరు తెచ్చుకోండి, రబ్బరు కూడా, చిన్నోడికి రెండు.

మీ జేజినాయన
కర్నూలు